"లేమి అంటే ఏమిటి టీచర్?" : కంఠత వాక్యాలు, తెలుగు చదవలేని మన సండే స్కూల్ పిల్లలు

బ్రాడీపేట టీచర్ (గుంటూరు)
ఆదివారం, రాత్రి 8.40

అందరికీ వందనాలు. గుంటూరులోని ఒక సంఘంలో పదకొండేళ్లుగా సండే స్కూల్ టీచరుగా సేవ చేస్తున్నాను. ఏడేళ్ల నుంచి పదేళ్ల వయసు పిల్లల తరగతి నాది. హాజరు పట్టీలో 26 పేర్లు ఉన్నాయి. వాన వచ్చినా, పరీక్షలు ఉన్నా పద్దెనిమిది మందికి తగ్గకుండా వస్తారు.

కిందటి నెలలో కంఠత వాక్యాల పోటీ పెట్టి, "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని మొదలయ్యే 23వ కీర్తనలోని ఆరు వచనాలూ ఇచ్చాము. పద్నాలుగు మంది ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు, అయ్యగారు (మా పాస్టరు) ఎంతో సంతోషించారు. మొదటి బహుమతి గెలుచుకున్న పాప టిఫిన్ డబ్బా అందుకుంటూ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా "టీచర్, లేమి అంటే ఏమిటి?" అని అడిగింది. ఆ ప్రశ్న నా మనసులో నుంచి పోలేదు. మరుసటి ఆదివారం తరగతి మొత్తాన్నీ అదే అడిగాను. ఒక బాబు "నాకు ఏమీ కలగదు అని" అన్నాడు, అంటే "నాకు ఏ కొరతా ఉండదు" అన్న అసలు అర్థానికి పూర్తిగా తలకిందులైన అర్థం. ఇంకొకరు "నిద్ర లేవడం" అన్నారు. "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును" అన్న చోట దండము అంటే ఏమిటో చూపించమంటే, అందరూ ఒక్కసారిగా రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెట్టారు.

ఆ తర్వాత బైబిళ్లు తెరిపించాను. ఆ రోజు వచ్చిన పద్దెనిమిది మందిలో ఐదుగురే ధారాళంగా చదవగలిగారు, ఏడుగురు అక్షరం అక్షరం కూడబలుక్కున్నారు, మిగిలిన ఆరుగురికి గుణింతాలే రావు. వాళ్లు వాక్యాన్ని అమ్మ ఫోనులో విని, చిలక పలుకులుగా నేర్చుకుని వస్తున్నారు. ఇన్నేళ్లుగా నేను వినిపించుకున్నదేమిటో ఆలోచిస్తే దుఃఖం కలిగింది. మీ సంఘాలలో పరిస్థితి ఎలా ఉంది? మీరేం చేస్తున్నారు? దయచేసి అనుభవంతో చెప్పగలరు.

పటమట నుంచి ఒక తల్లి (విజయవాడ)
ఆదివారం, రాత్రి 10.15

సిస్టర్ గారూ, మీరు చెప్పిన ఆ ఆరుగురిలో మా అబ్బాయి ఒకడై ఉండేవాడు. ఐదో తరగతి చదువుతున్నాడు. ఎల్.కె.జి. నుంచీ ఇంగ్లీషు మీడియమే, రెండో భాషగా హిందీ తీసుకున్నాము. తెలుగు చక్కగా మాట్లాడతాడు కానీ చదవలేడు. మా సంఘంలో పాటలూ వాక్యాలూ తెర మీద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలుగా వేస్తారు కనుక ఆ లోటు ఎవరికీ కనబడదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. బిడ్డకు దేవుని మాట అర్థం కావడం ముఖ్యమా, తెలుగు రావడం ముఖ్యమా? చదవగలిగిన భాషలోనే వాక్యం ఇస్తే, లేమి అంటే ఏమిటని అడగవలసిన అవసరమే రాదు. మా వాడికి నేను ఇంగ్లీషు పిల్లల బైబిలు కొనిచ్చాను, రాత్రి పడుకునే ముందు తనంతట తానే చదువుకుంటున్నాడు. తెలుగు బైబిలు అలా చదువుకోగలడా?

కొత్తపేట మాస్టారు (గుంటూరు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)
సోమవారం, ఉదయం 6.05

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. అయితే ముడి ఎక్కడ పడిందో విడదీసి చూడాలి. ఇక్కడ కలిసిపోయిన చిక్కులు రెండు. అక్షరాలు రాకపోవడం ఒకటి, అక్షరాలు వచ్చినా మాట తెలియకపోవడం రెండోది. మన సంఘాలలో ఎక్కువగా వాడుకలో ఉన్న తెలుగు బైబిలు భాష గ్రాంథికానికి దగ్గరది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడి వందేళ్లు దాటింది, పత్రికలూ పాఠ్యపుస్తకాలూ మారాయి, కానీ మన ఆరాధనలో "రానియ్యుడి", "పరుండజేయుచున్నాడు", "అనుగ్రహించెను" అలాగే నిలిచాయి. అవి నిలవడం నాకు ఇష్టమే, ఆ లయలో ఒక గాంభీర్యం ఉంది. కానీ తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడికి కూడా "లేమి" ఈనాడు కొత్త మాటే. కనుక కేవలం అక్షరాలు నేర్పితే సమస్య తీరదు, ఇంగ్లీషుకు మారితే కూడా పూర్తిగా తీరదు, ఎందుకంటే ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది ఇంగ్లీషును కూడా బట్టీ పట్టే చదువుతున్నారు. నలభై ఏళ్లు బడిలో పనిచేసి చూసిన సంగతి ఇది.

ఇంకొక విషయం జ్ఞాపకం చేయాలి. సండే స్కూల్ అనేది పుట్టిందే అక్షరాలు నేర్పడానికి. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ మొదలుపెట్టిన బడికి వచ్చినవాళ్లు వారంలో ఆరు రోజులూ పనికి పోయే బీద పిల్లలు. వాళ్లకు సెలవు దొరికేది ఆదివారం ఒక్కటే, అందుకే ఆ బడి ఆదివారం నడిచింది. బైబిలు చదవాలంటే ముందు చదవడం రావాలి కనుక అక్షరాలతోనే ఆరంభించారు. మన గుంటూరు సంగతే తీసుకోండి. 1842 జులై 31న ఈ ఊరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ గారు ప్రసంగాలతో పాటు బడులు కూడా పెట్టారు. మన తాతముత్తాతల్లో చాలామందికి చదువు అబ్బింది ఆ బడుల వల్లనే. పిల్లలకు చదువు వారంలో ఆరు రోజులూ బయట దొరుకుతోంది కదా అని మనం క్రమంగా ఆ పని వదిలేశాము. ఇప్పుడు చాలామంది పిల్లలకు ఆ ఆరు రోజుల చదువులో తెలుగు సరిగా అందడం లేదు. అందువల్ల ఆదివారం మీద ఆ బాధ్యత మళ్లీ పడింది.

మిర్చి యార్డు దగ్గరి సేవకుడు (గుంటూరు)
సోమవారం, రాత్రి 9.30

పటమట తల్లి గారికి నా మనవి. మేము నడిపేది చిన్న శాఖా సంఘం. మా పిల్లల అమ్మానాన్నలు యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాళ్లు, మిరపకాయల తొడాలు తీసేవాళ్లు. సీజనులో తల్లి కూడా పనికి పోతే పిల్లవాడు చెల్లెలిని చంకన వేసుకుని సండే స్కూలుకు వస్తాడు. వీళ్లు చదివేది ప్రభుత్వ బడిలో, ఇంటి దగ్గర ఇంగ్లీషు మాట వినిపించదు. నగరంలోని సంఘాలన్నీ ఇంగ్లీషు వాక్యాలకు మారితే, ఏడాదికొకసారి జరిగే కంఠత వాక్యాల పోటీలకు మా పిల్లలు ఏ ముఖంతో వస్తారు? ఇప్పటికే అక్కడి యాక్షన్ పాటలు సగం ఇంగ్లీషులో ఉంటే మావాళ్లు చేతులు మాత్రం ఊపి, పెదవులు కదపకుండా నిలబడుతున్నారు. సండే స్కూల్ ఒక్కచోటే వాళ్లు కాన్వెంటు పిల్లల పక్కన సమానంగా కూర్చుంటున్నారు. దాన్ని పోగొట్టవద్దు.

కృష్ణలంక అక్క (విజయవాడ)
మంగళవారం, మధ్యాహ్నం 2.20

తెర మీద ఇంగ్లీషు అక్షరాల గురించి ఎవరో ఒకరు చెప్పాలి కనుక నేను చెబుతాను. ఆ అక్షరాలలో తకూ టకూ తేడా లేదు, లకూ ళకూ తేడా లేదు, దీర్ఘం ఎక్కడుందో తెలియదు. 91వ కీర్తనలో "ఆయనే నా ఆశ్రయము నా కోట" అని ఉంది కదా. మా తరగతిలో ఒక బాబు మూడు వారాల పాటు "నా ఆశ్రయము నా కోత" అని చదివాడు. నేను సరిదిద్దితే ఫోను తీసి చూపించాడు. ఆ అక్షరాలలో రెండు మాటలూ ఒకే రకంగా ఉన్నాయి, వాడి తప్పేమీ లేదు. కోత అంటే వాడికి తెలిసినది కరెంటు కోత. దేవుడు మనకు కరెంటు కోత ఎలా అయ్యాడని వాడు ఒక్కసారి కూడా సందేహపడలేదు, ఎందుకంటే వాక్యానికి అర్థం ఉంటుందన్న ఆశ వాడికి మనం కలిగించలేదు. సిస్టర్ గారూ, మీ బాధ అంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. మీ పాప అడిగింది కనుక అదృష్టవంతురాలు. అడగడం మానేసిన పిల్లల గురించే నాకు భయం.

మేము రెండేళ్లుగా ఒక పద్ధతి పాటిస్తున్నాము. వాక్యం ఇవ్వడానికి ముందు వారం అందులోని మాట ఒక్కటే ఇస్తాము. 23వ కీర్తన మొదలుపెట్టే ముందు, కరకట్ట మీద గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయనను బతిమాలి ఆయన చేతి కర్రను ఒక ఆదివారం పూట అడిగి తెచ్చాను. బాగా పాతబడి, పట్టుకునే చోట నున్నగా అరిగి మెరుస్తోంది. పిల్లలందరూ ఒక్కొక్కరుగా పట్టుకున్నారు. ఇది దేనికి అని అడిగితే "కొట్టడానికి" అన్నారు. గొర్రెను కొట్టడానికి కాదు, కుక్కను తోలడానికి, గుంటలో పడ్డదాన్ని లాగడానికి, దారి తప్పినదాన్ని పక్క నుంచి మళ్లించడానికి అని ఆయన చెప్పిన మాటలే చెప్పాను. దండము అంటే ఇదే అన్నాను. ఆ తర్వాత "నన్ను ఆదరించును" అన్నది వివరించవలసిన పని లేకపోయింది.

"నా గిన్నె నిండి పొర్లుచున్నది" కోసం స్టీలు గ్లాసు కింద పళ్లెం పెట్టి, చెంబుతో నీళ్లు పోస్తూ ఆపకుండా ఉన్నాను. నీళ్లు పళ్లెం దాటి చాప మీదికి వచ్చేదాకా పోశాను. "చాలు అక్కా, చాలు!" అని అరిచారు. చాలు అనేంత వరకూ ఇవ్వడం వేరు, చాలు అన్నాక కూడా ఇవ్వడం వేరు అని చెప్పాను. చాప ఆరడానికి రెండు రోజులు పట్టింది కానీ ఆ వచనం ఎవరూ మరిచిపోలేదు.

సింగ్‌నగర్ సోదరి (విజయవాడ)
మంగళవారం, రాత్రి 11.10

అర్థం తెలియకుండా కంఠత పట్టడం వ్యర్థమే అన్న ధోరణి ఈ చర్చలో వస్తోంది కనుక, మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలనిపించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీదికి వచ్చినప్పుడు మేము కింది వాటాలో ఉన్నాము. తెల్లవారి చూసేసరికి గుమ్మంలోకి నీళ్లు వచ్చాయి, గంటలు గడిచేకొద్దీ పెరిగాయి, పిల్లలను ఎత్తుకుని పై వాటా వాళ్లింటికి చేరాము. కరెంటు లేదు, ఫోన్లు ఆగిపోయాయి, తాగే నీళ్లు క్యాను అడుగుకు వచ్చాయి. ఆ రాత్రి చీకట్లో కింద నీళ్లు గోడలకు తగులుతున్న చప్పుడు వింటూ కూర్చున్నప్పుడు, తొమ్మిదేళ్ల మా పెద్దమ్మాయి తనంతట తాను యెషయా 43వ అధ్యాయంలోని వచనం చెప్పడం మొదలుపెట్టింది. "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును, నదులలో బడి వెళ్లునప్పుడు అవి నీమీద పొర్లిపారవు." ఆ వేసవి వి.బి.ఎస్.లో (సెలవుల్లో నడిపే బైబిలు బడిలో) నేర్పిన వచనం అది. చెప్పి ఆగి, "అమ్మా, పొర్లిపారడం అంటే ఇదేనా?" అని కిటికీ వైపు చూపించింది.

వి.బి.ఎస్.లో ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పలేదు. కానీ మాట దాని దగ్గర ఉంది. అవసరం వచ్చిన రోజున అర్థం దానంతట అదే వచ్చి చేరింది. కనుక కంఠత మానవద్దని నా మనవి. అర్థం చెప్పండి, తప్పకుండా చెప్పండి. కానీ అర్థమైన మాటలే ఇవ్వాలని నియమం పెట్టుకుంటే పిల్లల దగ్గర నిల్వ ఏమీ ఉండదు.

కొత్తపేట మాస్టారు (గుంటూరు)
బుధవారం, ఉదయం 6.20

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పినది నిజం. పద్యాలు మాకు కూడా అలాగే వచ్చాయి, ముందు నోటికి, తర్వాత బుద్ధికి. పాతకాలపు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మా నాయనమ్మకు చదువు లేకుండానే డజన్ల కొద్దీ వచ్చేవి. నాలుగో తరగతిలో నేను ఆమెతో గొంతు కలిపి పాడిన మాటలకు అర్థం నాకు కాలేజీలో తెలిసింది.

ఒక్క తేడా మాత్రం గమనించాలి. ఆ కాలంలో నాయనమ్మ పక్కన కూర్చుని ఉండేది, అడిగితే చెప్పేది. మీ అమ్మాయి పక్కన మీరు ఉన్నారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఫిలిప్పు రథం దగ్గరికి పరుగెత్తి వెళ్లి "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని అడిగితే, ఐతియొపీయుడైన ఆ నపుంసకుడు "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అంటాడు. చదవడం అతనికి వచ్చు, పెద్ద ఉద్యోగి, గ్రంథం చేతిలో ఉంది. రథం ఎక్కి పక్కన కూర్చునేవాడు లేకపోవడమే అతని లోటు. కంఠత ఇచ్చి బహుమతి ఇచ్చి పంపేస్తే ఆ చోటు మనం ఖాళీగా వదిలేసినట్టు.

విద్యాధరపురం యువ కాపరి (విజయవాడ)
బుధవారం, మధ్యాహ్నం 12.45

పెద్దలకు వందనాలు. సమయం సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఆరాధనకు ముందు సండే స్కూలుకు దొరికేది 45 నిమిషాలు. అందులో పాటలు, ప్రార్థన, హాజరు, కానుక పోగా పాఠానికి మిగిలేది పాతిక నిమిషాలే. ఏడాదికి 52 ఆదివారాలైనా మట్టల ఆదివారం, ఈస్టరు, క్రిస్మసు రిహార్సళ్లు తీసేస్తే నలభై లెక్కకు వస్తాయి. అంటే ఏడాది మొత్తానికి పదిహేడు గంటలు దాటని చదువు మనది. పదో తరగతి పిల్లలకైతే ఆదివారం కూడా ప్రత్యేక తరగతులు పెడుతున్నారు, వాళ్లు మనకు దొరకడమే లేదు.

అదే వేసవిలో వి.బి.ఎస్. పది రోజులు, రోజుకు మూడు గంటలు. ముప్పై గంటలు వరుసగా దొరుకుతాయి. మే నెల ఎండలకు పిల్లలను పదకొండు లోపు ఇళ్లకు పంపాలి కనుక ఎనిమిదికే మొదలుపెడతాము. ఇన్నాళ్లూ ఆ గంటలన్నీ పాటలకూ, చేతిపనులకూ, చివరి రోజు ప్రదర్శనకూ పోయాయి. రోజుకు నలభై నిమిషాలు తెలుగు అక్షరాలకు కేటాయించి, పదో రోజుకు ప్రతి బిడ్డా ఒక్క వచనమైనా బైబిలు తెరిచి వేలు పెట్టి చదివేలా చేయగలమా అని మా టీచర్లతో కూర్చుని ఆలోచిస్తున్నాను. మాటలు వచ్చిన పిల్లలే కనుక అక్షరాలు త్వరగానే పట్టుబడతాయని ఆశ.

పటమట నుంచి ఒక తల్లి (విజయవాడ)
బుధవారం, రాత్రి 10.50

మిర్చి యార్డు అన్నయ్య గారి మాట నేను ఆలోచించనిది. క్షమించండి. పోటీలు, పాటలు తెలుగులోనే ఉండాలని ఒప్పుకుంటాను. అయినా మా వాడి చేతిలోని ఇంగ్లీషు బైబిలు మాత్రం తీసేయను. రేపు చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు వెళితే వాడికి దొరికే సంఘం ఏ భాషలో ఉంటుందో నాకు తెలియదు.

నిన్న మా అత్తయ్య గారిని అడిగాను, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో రోజూ రెండు వచనాలు వాడి చేత చదివించమని. ఆమె ఎనిమిదో తరగతి వరకు చదివారు, బైబిలు మాత్రం పలుమార్లు ఆసాంతం చదివారు. మొదటి రోజు రెండు వచనాలకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. వాడికి విసుగొచ్చింది, ఆమెకు రాలేదు.

బ్రాడీపేట టీచర్ (గుంటూరు)
ఆరు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 3.30

అందరికీ కృతజ్ఞతలు. ఏం చేశానో చెప్పకపోతే న్యాయం కాదు కనుక రాస్తున్నాను. పోటీ ఈ ఏడాదికి ఆపేశాను. అయ్యగారు మొదట ఒప్పుకోలేదు. పిల్లల చేత దండము చూపించిన సంగతి చెప్పాక మౌనంగా ఉండి, "సరే అమ్మా, మీరు మంచిదనుకున్నట్లు చేయండి" అన్నారు. బహుమతుల కోసం ఉంచిన డబ్బుతో 26 రెండు వందల పేజీల నోటు పుస్తకాలు కొన్నాను.

వారానికి ఒక వచనం, అందులో రెండు మాటలు. మాటను పిల్లలు నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి పక్కన బొమ్మ వేయాలి. "లేమి" దగ్గర ఒక బాబు ఖాళీ అన్నం గిన్నె వేశాడు. అమ్మ పనికి పోని రోజు అని కింద రాయించుకున్నాడు. అతని పుస్తకం ఆ తర్వాత అందరికీ చూపించలేదు, తల్లి ఎవరో అందరికీ తెలుసు కనుక. సంఘంలోని స్త్రీల సమాజం వారితో మాత్రం మాట్లాడాను. ఆ ఇంటికి ఇప్పుడు నెలకు సరిపడా బియ్యం వెళుతున్నాయి. "నాకు లేమి కలుగదు" అని ఆ బిడ్డ చేత చెప్పించినన్ని రోజులూ మాకెవరికీ ఈ సంగతి తెలియలేదు.

గుణింతాలు రాని ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు కూడబలుక్కుంటున్నారు. నలుగురు ఇంకా వెనకబడే ఉన్నారు, ఇద్దరు టీచర్లు ఉంటే తప్ప వాళ్లతో విడిగా కూర్చోవడం కుదరడం లేదు. అక్షరాలు నేర్చుకున్న వాళ్లకు కొత్త చిక్కు వచ్చింది. బైబిలులో "గొఱ్ఱె", "కఱ్ఱ" అన్న మాటల్లో ఉన్న ఆ అక్షరం వాళ్ల వాచకంలో లేదట. "ఇది ఏ అక్షరం టీచర్, తప్పు పడిందా?" అని అడుగుతున్నారు. దాన్ని ఎలా చెప్పాలి మాస్టారూ?

కొత్తపేట మాస్టారు (గుంటూరు)
ఆదివారం, సాయంత్రం 5.10

తప్పు పడలేదమ్మా. దాన్ని శకటరేఫం అంటారు, మా పల్లెలో బండి ఱ అనేవాళ్లు. పూర్వం దాని పలుకు వేరుగా ఉండేది. ఱ, ర రెండూ ఒకే రకంగా పలకడం అలవాటయ్యాక రాతలో కూడా మామూలు ర నిలిచింది, అందుకే ఇప్పటి వాచకాలలో కనబడదు. పిల్లలకు ఇంత వివరం అక్కరలేదు. చార్టు మీద "గొఱ్ఱె" అని రాసి, పక్కనే "గొర్రె" అని రాసి, తాతయ్య రాసే గొర్రె, మీరు రాసే గొర్రె రెండూ ఒకటే అని చెప్పండి.

ఆ నలుగురి కోసం రెండో టీచరు కావాలన్నారు. ఆదివారం ఉదయం ఏడున్నరకు నేను రాగలను. నా దగ్గర పలక, బలపం ఉన్నాయి. మెట్లు ఎక్కలేను కనుక కింది గదిలో చాప వేయించండి.